50 మెగావాట్ల సోలార్ ప్లాంటులో కమ్యూనికేషన్ వైరింగ్: ప్రాజెక్టు డైరీ

డిజైన్ దశ

పవర్ కేబుళ్ల డ్రాయింగులు ఖరారయ్యాయి. డీసీ కేబుళ్ల సైజులు, ఏసీ కేబుళ్ల దారులు, ఎర్తింగ్ గ్రిడ్ అన్నీ కాగితం మీదకు వచ్చేశాయి. కమ్యూనికేషన్ మాత్రం ఇంకా ఒక చుక్కల గీతగానే ఉంది. ఆ గీతకు కేబుల్ రకం, దారి, పొడవు, దాని మీద నడిచే ప్రోటోకాల్ (పరికరాలు మాట్లాడుకునే భాష) తేల్చడం నాకు అప్పగించిన పని.

ప్లాంటు రూపురేఖలు ఇవి: ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే 250 కిలోవాట్ల స్ట్రింగ్ ఇన్వర్టర్లు 200. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద 25 ఇన్వర్టర్లతో మొత్తం 8 బ్లాకులు. వీటికి తోడు వాతావరణ స్టేషన్లు, ప్యానెళ్లను సూర్యుడి వైపు తిప్పే ట్రాకర్లు, గ్రిడ్‌కు కలిసే స్విచ్‌యార్డులో రిలేలు (లోపం వస్తే బ్రేకరును తెరిపించే రక్షణ పరికరాలు), ఎనర్జీ మీటర్లు, సీసీటీవీ. వీటన్నిటి సమాచారం ఒక కంట్రోల్ రూముకు చేరాలి. అక్కడి నుంచి గ్రిడ్ నిర్వాహకుడి కేంద్రానికి వెళ్లాలి. అటు నుంచి వచ్చే ఆదేశం మళ్లీ 200 ఇన్వర్టర్ల దాకా దిగాలి.

మొదటి సమావేశంలోనే చర్చ ప్రోటోకాళ్ల మీదకు మళ్లింది. ఇన్వర్టర్లు వాడే మోడ్‌బస్ ప్రోటోకాల్ పాతబడిందని ఒకరు, అంతా సబ్‌స్టేషన్ల ప్రమాణమైన ఐఈసీ 61850 చేద్దామని మరొకరు. నేను ఆ చర్చను పక్కన పెట్టమని కోరాను. ప్రోటోకాల్ నచ్చకపోతే రేపు గేట్‌వే (ఒక ప్రోటోకాల్‌ను మరో దానిలోకి మార్చే పెట్టె) మార్చుకోవచ్చు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) మార్చుకోవచ్చు. భూమిలో పూడ్చిన కేబుల్ నచ్చకపోతే ప్యానెళ్ల వరసల మధ్య, 1500 వోల్టుల డీసీ కేబుళ్ల పక్కన మళ్లీ తవ్వాలి. ప్లాంటు 25 ఏళ్లు నడవాలి. అందుకే మట్టి కిందకు వెళ్లేదాన్ని ముందు తేల్చుకుందాం అన్నాను.

దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: ఎవరికి ఏ సమాచారం ఎంత తొందరగా కావాలి? ఇన్వర్టర్ ఉష్ణోగ్రత నిమిషానికి ఒకసారి తెలిసినా చాలు. ప్లాంటు కంట్రోలర్ పంపే పవర్ తగ్గింపు ఆదేశం ఒకటి రెండు సెకన్లలో చివరి ఇన్వర్టరుకు చేరాలి. బ్రేకర్ ట్రిప్ అయితే అది మిల్లీసెకన్లలో నమోదు కావాలి. ఈ మూడు అవసరాలకు ఒకే తీగ, ఒకే ప్రోటోకాల్ సరిపోవు. ఇంతవరకు ఒప్పుకున్నాక మిగతా నిర్ణయాలు సులువుగా కుదిరాయి.

బ్లాకు లోపల: ఆర్‌ఎస్-485 లెక్కలు

ఇన్వర్టర్ నుంచి బ్లాకు స్టేషన్ దాకా ఏ తీగ వేయాలి? ఇన్వర్టర్లు ప్యానెళ్ల మధ్య చెల్లాచెదురుగా ఉంటాయి. రాగి ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్లు దాటి పనిచేయదు. ప్రతి ఇన్వర్టరుకు ఫైబర్ వేస్తే ప్రతి స్తంభం దగ్గరా ఒక కన్వర్టర్, దానికో పవర్ సప్లై ఉండాలి. ఎండలో మాడే పెట్టెల్లో పెట్టిన అలాంటి పరికరాలు 200 అంటే, చెడిపోవడానికి 200 కొత్త చోట్లు తయారుచేసినట్టే. ఇన్వర్టర్ తయారీదారు ఏసీ పవర్ కేబుల్ మీదుగానే సమాచారం పంపే పద్ధతి కూడా చూపించాడు. వేరే తీగ అక్కర్లేకపోవడం అందులో ఉన్న సుఖం. కానీ ఆ పద్ధతి ఆ తయారీదారు సొంతం. పదేళ్ల తర్వాత వేరే కంపెనీ ఇన్వర్టర్ పెట్టాల్సి వస్తే ఆ సుఖం అక్కడితో సరి. వద్దన్నాను.

చివరికి ఆర్‌ఎస్-485 అనే సీరియల్ లైను పద్ధతి నిలిచింది. 1200 మీటర్ల దాకా వెళ్తుంది, రెండు తీగల మధ్య తేడాను చదువుతుంది కాబట్టి కొంత అలజడిని తట్టుకుంటుంది, అన్ని ఇన్వర్టర్లలోనూ ఉంటుంది. దాని మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ, అంటే సీరియల్ లైన్ల మీద నడిచే మోడ్‌బస్ రూపం. ఈ ప్రోటోకాల్ 1979లో మోడికాన్ కంపెనీ కంట్రోలర్ల కోసం పుట్టింది. దాని తీరు హాజరు పిలిచే ఉపాధ్యాయుడిలాంటిది: పేరు పిలిస్తేనే జవాబు, ఒకసారికి ఒక్కరే. కాబట్టి ఒక లైను మీద ఎందరుంటే అంత సమయం పడుతుంది. ఈ సమయాన్ని కేబుల్ ఆర్డరుకు ముందే లెక్క కట్టాలి.

9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) దగ్గర, తప్పులు పట్టే పారిటీ బిట్‌తో కలిపి ఒక అక్షరానికి 11 బిట్లు, అంటే సుమారు 1.15 మిల్లీసెకన్లు. ఒక ఇన్వర్టర్ నుంచి 60 రిజిస్టర్లు (విలువలుండే అరలు) చదవాలంటే ప్రశ్న 8 బైట్లు, జవాబు 125 బైట్లు. తీగ మీదే 152 మిల్లీసెకన్లు పోతాయి. ఇన్వర్టర్ ఆలోచించుకునే సమయం 50, ఫ్రేముల మధ్య తప్పనిసరి నిశ్శబ్దం 8. మొత్తం 210. ఒకే లైను మీద 25 ఇన్వర్టర్లుంటే ఒక చుట్టు పూర్తికావడానికి 5 సెకన్లు దాటుతుంది. వేగాన్ని 19200కు పెంచి, లైనును 13, 12గా రెండుగా విడగొడితే ఒక్కో ఇన్వర్టరుకు 130 మిల్లీసెకన్లు, చుట్టుకు 1.7 సెకన్లు. ఒక్క రిజిస్టర్ రాసే ఆదేశానికి 63 మిల్లీసెకన్లు చాలు కాబట్టి, గేట్‌వే రాతకు ముందు వరస ఇస్తే 13 ఇన్వర్టర్లకు ఆదేశం 0.8 సెకన్లలో చేరుతుంది. చిరునామా 0తో అందరికీ ఒకేసారి పంపే ఏర్పాటు మోడ్‌బస్‌లో ఉంది కానీ, దానికి జవాబు రాదు. ఆదేశం అందిందో లేదో తెలియని పద్ధతిని గ్రిడ్ నియంత్రణకు వాడడం నాకు ఇష్టం లేదు.

వేగాన్ని ఇంకా పెంచుదామన్న సూచనకు నేను తల ఊపలేదు. మా పొడవైన లైను 420 మీటర్లు. 19200 దగ్గర చిన్న చిన్న వైరింగ్ లోపాలను కూడా లైను ఓర్చుకుంటుంది, 115200 దగ్గర ఓర్చుకోదు.

కేబుల్ విషయంలో ఒక్క షరతు గట్టిగా పెట్టాను: 120 ఓంల ఇంపిడెన్సు (సిగ్నలుకు కేబుల్ చూపే నిరోధం), షీల్డుతో (తీగల చుట్టూ లోహపు తొడుగు), రెండు జతలు. ఒక జత డేటాకు, రెండో జతలోని తీగ రిఫరెన్సుకు, అంటే అన్ని పోర్టులకూ ఉమ్మడి సున్నా వోల్టుల ఆధారానికి. రెండు తీగల్లోనే పనైపోయే దానికి నాలుగు తీగలు ఎందుకని కొనుగోలు విభాగం అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు మొదటి బ్లాకులోనే దొరికింది, అది కింద రాశాను.

ట్రాకర్లకు మాత్రం తీగ వేయలేదు. వరసలు కదులుతాయి, సంఖ్య ఎక్కువ, పంపే సమాచారం తక్కువ. రేడియో సరిపోతుంది. ఒక్క నిబంధన రాయించాను: సిగ్నల్ తెగితే ట్రాకర్ తనంతట తానే గాలికి సురక్షితమైన కోణానికి చేరాలి.

కందకాలు, ఫైబర్

బ్లాకు దాటితే ఫైబరే. పెద్ద మైదానంలో ఒక చివర ఎర్తుకు, మరో చివర ఎర్తుకు మధ్య పిడుగు పడినప్పుడు వేల వోల్టుల తేడా రావచ్చు. రాగి తీగ ఆ రెండిటినీ కలుపుతుంది, గాజు పోగు కలపదు. ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఫైబర్ తక్కువ దూరాలకు వాడే మల్టీమోడా, ఎక్కువ దూరాలకు వాడే సింగిల్‌మోడా అన్న దానికి కూడా ఎక్కువ సమయం పట్టలేదు. కంట్రోల్ రూము నుంచి మొదటి బ్లాకుకు 1.8 కిలోమీటర్లు. మల్టీమోడ్ మీద 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ హద్దు 2 కిలోమీటర్లు. ఆ హద్దు అంచున నిలబడే బదులు సింగిల్‌మోడ్ వేస్తే దూరం సమస్యే కాదు. సిగ్నల్ నష్టం కిలోమీటరుకు 0.4 డెసిబెల్ చొప్పున కేబుల్లో 0.72, అతుకులకు 0.2, కనెక్టర్లకు 1. మొత్తం 2 డెసిబెల్ లోపే.

అసలు చర్చ జరగాల్సింది రింగు గురించి. డ్రాయింగులో 8 బ్లాకులు ఒక వలయంగా కనిపించాయి, చూడడానికి బాగుంది. కందకాల డ్రాయింగు మీద అదే దారిని పెన్సిలుతో గీసి చూస్తే, వెళ్లే కేబుల్, తిరిగివచ్చే కేబుల్ రెండూ దాదాపు సగం దూరం ఒకే కందకంలో ఉన్నాయి. తవ్వే యంత్రం ఒక్కసారి తగిలితే రెండూ తెగుతాయి. పేరుకు రింగు, పనికి ఒకే తీగ. తిరుగు దారిని ప్రహరీ వెంట మళ్లించమని పట్టుబట్టాను. కొత్త కందకం కొంత పెరిగింది. ఈ ప్రాజెక్టులో నేను అందరికంటే ఎక్కువగా వాదించింది దీని కోసమే. మళ్లీ అవకాశం వచ్చినా ముందు దీని కోసమే వాదిస్తాను.

రింగుకు ఇంకో బలహీనత ఉంది. ఒక బ్లాకులోని నెట్‌వర్క్ స్విచ్ ఆగితే రింగు ఒక చోట తెరుచుకుంటుంది, ట్రాఫిక్ రెండో వైపు తిరుగుతుంది. నిర్వహణ కోసం రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకేసారి ఆపితే మధ్యలో ఉన్న బ్లాకులన్నీ కనబడకుండా పోతాయి. కాబట్టి ప్రతి బ్లాకు స్విచ్‌కూ యూపీఎస్ నుంచి సరఫరా. దీనికి తోడు నిర్వహణ బృందం రాసుకునే పని అనుమతి పత్రంలో ఒక వరుస చేర్పించాను: పక్కపక్కన లేని రెండు బ్లాకుల స్విచ్‌లు ఒకేసారి ఆపే ముందు కంట్రోల్ రూముకు చెప్పాలి.

కేబుల్లో 12 పోగులు చాలని ముందు అనుకున్నారు. 24 తీసుకున్నాం. ప్లాంటు రింగుకు కొన్ని, సీసీటీవీకి వేరే పోగులు, స్విచ్‌యార్డ్ అవసరాలకు వేరే పోగులు, మిగతావి ఖాళీ. కెమెరాల ట్రాఫిక్‌ను అదే స్విచ్‌ల్లో వీల్యాన్‌గా (సెట్టింగులతో వేరుచేసిన నెట్‌వర్క్‌గా) నడపవచ్చు. కానీ కెమెరాల కాంట్రాక్టరు ఒక సెట్టింగ్ మార్చినప్పుడు నా ఇన్వర్టర్ల రింగు కదలకూడదు. పోగులు విడిగా ఉంటే ఆ బెంగ ఉండదు. పోగుల సంఖ్య రెట్టింపైనా తవ్వకం ఖర్చు మారదు.

ఆర్మరింగ్ విషయంలో రాజీ తప్పలేదు. ఎలుకలకు ఉక్కు కవచం మంచి రక్షణ. కానీ ఉక్కు కవచం పెడితే ఫైబరుతో వదిలించుకున్న లోహపు దారి మళ్లీ ఇంట్లోకి వస్తుంది. గాజు నూలు కవచమున్న కేబుల్‌ను హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టంలో లాగాలని నిర్ణయించాం, గొట్టం చివరలు బిగుతుగా మూయాలి.

మొదటి బ్లాకు: ఎండ పెరిగితే పెరిగే తప్పులు

మొదటి బ్లాకులో రెండు లైన్లూ లేచాయి. కరెంటు లేనప్పుడు మీటరుతో కొలిస్తే రెండు డేటా తీగల మధ్య 60 ఓంలకు కొంచెం పైన చూపించాలి. రెండు చివర్లా ఒక్కో 120 ఓంల టెర్మినేషన్ (సిగ్నల్ చివర నుంచి వెనక్కి తిరగకుండా ఆపే నిరోధకం) ఉన్నట్టు లెక్క. ఒక లైను 43 చూపించింది. మధ్యలో ఉన్న ఇన్వర్టరులో టెర్మినేషన్ స్విచ్ ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో వచ్చింది. దాన్ని తీసేశాక కొలత సరిపోయింది. మీటరుతో అర నిమిషంలో తెలిసే ఈ సంగతిని తర్వాత సాఫ్ట్‌వేర్ లాగుల్లో వెతకాలంటే పూట పడుతుంది.

అసలు చిక్కు రెండో లైనులో వచ్చింది. ఉదయం శుభ్రంగా నడిచేది. ఎండ ఎక్కేకొద్దీ సీఆర్‌సీ తప్పులు (సందేశం దారిలో చెడిందని చెప్పే లెక్కలు) పెరిగేవి, మధ్యాహ్నం మూడు నాలుగు ఇన్వర్టర్లు జవాబివ్వడం మానేసేవి, సాయంత్రానికి మళ్లీ బాగయ్యేది. వేడి వల్ల అని అందరూ అనుకున్నారు. తప్పుల లెక్కను ఒక రేఖగా, ప్లాంటు ఉత్పత్తిని మరో రేఖగా ఒకే గ్రాఫు మీద గీశాను. ఉష్ణోగ్రత మధ్యాహ్నం ఆలస్యంగా శిఖరానికి వెళ్తుంది, తప్పులు మాత్రం ఉత్పత్తి వెంటే నడిచాయి. ఒక మేఘం దాటిన పది నిమిషాల్లో తప్పులు పడిపోయి మళ్లీ లేచాయి. వేడి అంత తొందరగా మారదు, కరెంటు మారుతుంది.

చివరి ఇన్వర్టర్ దగ్గర ఆసిలోస్కోపు పెట్టాం. రెండు డేటా తీగల మధ్య సిగ్నల్ చక్కగా, సుమారు 2 వోల్టులు ఉంది. కానీ ఆ రెండు తీగలూ కలిసి అక్కడి రిఫరెన్సుతో పోలిస్తే విపరీతంగా ఊగుతున్నాయి. ఆర్‌ఎస్-485 రిసీవర్ మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల మధ్య ఉన్నంతవరకే చదవగలదు. ఆ ఊపులు హద్దు దాటుతున్నాయి.

విప్పి చూస్తే రెండు కారణాలు కలిసి ఉన్నాయి. మూడో తీగ, అంటే రిఫరెన్సు, ఎక్కడా కలపలేదు. ఇన్వర్టర్ టెర్మినల్ మీద ఏ, బీ అన్న రెండు అక్షరాలు పెద్దగా ఉండి, మూడోది చిన్నగా ఉండడంతో వైరింగ్ బృందం దాన్ని మడిచి వదిలేసింది. ఇన్వర్టర్ పోర్టులు ఐసొలేట్ చేసినవి (మిగతా సర్క్యూటుతో నేరుగా విద్యుత్ సంబంధం లేనివి) కాబట్టి రిఫరెన్సు అక్కర్లేదని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉంది. నిజానికి ఐసొలేట్ చేసిన పోర్టులకే అది ఎక్కువ అవసరం. ఏ ఆధారమూ లేకుండా తేలే పోర్టు చుట్టూ ఉన్న అలజడి ఎటు లాగితే అటు వెళ్తుంది. రెండో కారణం, షీల్డ్ రెండు చివర్లా ఎర్తుకు కలిసి ఉంది. పక్కనే ఏసీ కేబుళ్లు నడుస్తున్నాయి. క్లాంప్ మీటర్ పెడితే షీల్డులోనే కరెంటు కనిపించింది, ఉత్పత్తితో పాటే పెరుగుతూ.

షీల్డును బ్లాకు స్టేషన్ వైపు మాత్రమే ఎర్తుకు ఉంచి, రెండో చివర విడదీసి టేపు చుట్టాం. రిఫరెన్సు తీగను అన్ని ఇన్వర్టర్లలో కలిపాం. ఏసీ కేబుళ్లకు ఆనుకుని ఉన్న భాగాన్ని 300 మిల్లీమీటర్లు దూరంగా జరిపాం, దాటాల్సిన చోట లంబంగా దాటించాం. మర్నాటి మధ్యాహ్నం గ్రాఫు మీద తప్పుల రేఖ నేలను అంటుకుని ఉంది. రెండో జతకు ఆర్డరిచ్చినందుకు ఆ రోజు చాలా సంతోషించాను. ఆ తీగ కేబుల్లో లేకపోతే కందకం మొత్తం మళ్లీ తెరవాల్సి వచ్చేది.

ఇంకొక సంగతి రాత్రిపూట తెలిసింది. ఈ ఇన్వర్టర్ల కమ్యూనికేషన్ కార్డుకు కరెంటు ప్యానెళ్ల వైపు నుంచే వస్తుంది, చీకటి పడితే మౌనం. గేట్‌వే ఒక్కొక్కరినీ ఒక సెకను చొప్పున మూడుసార్లు పిలుస్తుంది. 13 ఇన్వర్టర్లకు 39 సెకన్లు. వాతావరణ స్టేషన్ కూడా అదే లైను మీద ఉంటే తెల్లవారుజామున ఎండ తీవ్రత కొలత ఆ మౌనాల మధ్య చిక్కుకుంటుంది. వాతావరణ పరికరాలకు విడి లైను ఇచ్చాం.

రిజిస్టర్ల పట్టిక

ఇది కేబుల్ పని కాకపోయినా సమయం తింటుంది. మోడ్‌బస్ రిజిస్టర్ 16 బిట్లు. 32 బిట్ల సంఖ్యకు రెండు రిజిస్టర్లు కావాలి. ఏది ముందు అన్నది ప్రమాణంలో లేదు, తయారీదారు ఇష్టం. రోజువారీ ఉత్పత్తి కొండంత కనిపిస్తే ముందు చూడాల్సింది ఆ వరుసే. చిరునామా 0 నుంచా 1 నుంచా అన్నది రెండో అనుమానం. సన్‌స్పెక్ అనే ఉమ్మడి రిజిస్టర్ నమూనాలను పాటించే ఇన్వర్టర్లు కొంత ఊరట. విలువతో పాటు దాని దశాంశ స్థానం చెప్పే రిజిస్టర్ కూడా ఉంటుంది. అమలు చేయని కొలతకు మైనస్ 32768 వస్తుంది, దాన్ని ఉష్ణోగ్రతగా సగటులో కలపకుండా గేట్‌వేలోనే ఆపాలి.

తయారీదారుకు నేను రాసి అడిగిన ప్రశ్న ఒకటుంది: పవర్ హద్దు రిజిస్టర్ విలువ శాశ్వత మెమరీలో రాసుకుంటుందా? అలాగైతే ప్లాంటు కంట్రోలర్ ప్రతి సెకనూ రాస్తే ఆ మెమరీ అరిగిపోతుంది. తాత్కాలిక మెమరీలో ఉండే వేరే రిజిస్టర్ ఉందని జవాబొచ్చింది, దాన్నే వాడుతున్నాం.

గ్రిడ్ వైపు

స్విచ్‌యార్డ్ రిలేలకు ఐఈసీ 61850. అక్కడ దానికి పూర్తి అర్హత ఉంది: రిలేలు ఒకదానికొకటి గూస్ అనే వేగవంతమైన సందేశాలతో నేరుగా మాట్లాడుకుంటాయి, కంట్రోల్ రూము మధ్యలో ఉండనక్కర్లేదు. దాన్ని ఇన్వర్టర్ల దాకా దించాలన్న ఆలోచనను వదిలేశాం. ఇన్వర్టర్లు మోడ్‌బస్ మాట్లాడుతున్నప్పుడు మధ్యలో 25 ఏళ్లు కాపాడుకోవాల్సిన అనువాదకుడిని పెట్టడమే అవుతుంది.

గ్రిడ్ నిర్వాహకుడు ఐఈసీ 60870-5-104 (పొట్టిగా 104) ప్రోటోకాల్ అడిగాడు. కొన్ని చోట్ల ఐఈఈఈ 1815గా ప్రమాణమైన డీఎన్‌పీ3 అడుగుతారు. రెండూ మోడ్‌బస్‌లో లేని మూడు గుణాలు ఇస్తాయి: మార్పు వచ్చినప్పుడు అడగకుండానే చెప్పడం, మిల్లీసెకను దాకా సమయ ముద్ర, విలువ నమ్మదగినదా కాదా అన్న సూచన. బ్రేకర్ ముందు తెరుచుకుందా, వోల్టేజి ముందు పడిందా అన్న విచారణ వచ్చినప్పుడు సమయ ముద్ర లేని సమాచారం పనికిరాదు. అందుకే అన్ని గేట్‌వేలూ రిలేలూ ఒకే జీపీఎస్ గడియారం నుంచి సమయం తీసుకునేలా పెట్టాం.

మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అన్నదే లేదు. నెట్‌వర్క్ మీద మోడ్‌బస్ వాడే 502 పోర్టుకు చేరగలిగిన ఎవరైనా ప్లాంటును ఆపగలరు. ఇన్వర్టర్ల నెట్‌వర్క్‌లోకి ప్లాంటు కంట్రోలర్, స్కాడా (ప్లాంటును తెర మీద చూపి నడిపే వ్యవస్థ) సర్వర్ల చిరునామాలను మాత్రమే ఫైర్‌వాల్ అనుమతిస్తుంది. తయారీదారు తన సొంత ఇంటర్నెట్ పెట్టెను బ్లాకులో పెట్టుకుంటానని అడిగాడు. కుదరదన్నాను. అతనికి కావాల్సిన సమాచారం కంట్రోల్ రూము నుంచి, బయటికి మాత్రమే వెళ్లే దారిలో ఇస్తాం.

తెంపి చూసే పరీక్ష

అన్నీ పనిచేస్తున్నప్పుడు చేసే పరీక్షలకు నేను పెద్ద విలువ ఇవ్వను. ఒక మిట్టమధ్యాహ్నం నడుస్తున్న ఇన్వర్టర్ డేటా తీగను విప్పించి స్కాడా తెర చూశాం. ఆ ఇన్వర్టర్ 231 కిలోవాట్లు అని చూపిస్తూనే ఉంది. గేట్‌వే చివరి విలువను అట్టే పెట్టుకుంది. ప్లాంటు కంట్రోలర్ ఆ అంకెను నమ్మి లెక్కలు కడుతుంది. ఆ ఇన్వర్టర్ నిజంగా ఆగిపోతే తెర మీద మాత్రం నడుస్తూ ఉండేది. గేట్‌వేలో సెట్టింగ్ మార్చాం: మూడు చుట్లు జవాబు లేకపోతే విలువ చెల్లదన్న గుర్తు వెళ్లాలి, ఆ గుర్తు 104 దాకా చేరాలి.

తర్వాత ఫైబర్ రింగును ఒక చోట విప్పాం, ట్రాఫిక్ తిరిగింది. రెండు చోట్ల విప్పి మూడు బ్లాకులను వేరుచేశాం. ఆదేశాలు ఆగిన ఇన్వర్టర్లు నిర్ణీత సమయం తర్వాత ముందే పెట్టిన సురక్షిత హద్దుకు దిగాలి. రెండు బ్లాకులు దిగాయి. మూడో బ్లాకులో కొన్ని ఇన్వర్టర్లు పూర్తి సామర్థ్యంతోనే నడిచాయి, వాటి ఫర్మ్‌వేర్ పాతది. ఆ జాబితా తయారీదారుకు పంపాం. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చేదాకా ఆ బ్లాకుకు పవర్ తగ్గింపు బాధ్యత ఫీడర్ బ్రేకర్ మీద ఉంచాం.

మిగిలిన బ్లాకులు

వైరింగ్ తనిఖీ పత్రం మారింది. మీటరుతో 60 ఓంల కొలత, షీల్డ్ ఒకే చివర ఎర్తు, రిఫరెన్సు తీగ ప్రతి ఇన్వర్టరులో కలిసి ఉండడం, ఏసీ కేబుళ్ల నుంచి దూరం, ప్రతి ఫైబర్ పోగుకూ ఓటీడీఆర్ (కాంతి పంపి పోగులో లోపాలు కనిపెట్టే పరికరం) రికార్డు. ఇవన్నీ ఫొటోలతో సహా పత్రంలో చేరాక, సంతకం పడ్డాకే కందకం పూడుస్తారు. ఫోర్‌మన్ మొదట ఆలస్యమవుతుందని అడ్డుపడ్డాడు. ఐదో బ్లాకులో పూడ్చకముందే ఒక నలిగిన ఫైబర్ దొరికాక, ఆరో బ్లాకు పత్రం అడగకముందే నా బల్ల మీద ఉంది.